పరాయి వంతు నీళ్లు

మొన్న అల్ ఐన్ ఖర్జూర తోటల్లో నిలబడి, పోయినవన్నీ లెక్క వేసుకున్నాను. నీటి వంతులు చూసే నీడ కర్ర పోయింది. దాని పక్కన వరుసగా పాతిన రాళ్లు పోయాయి. తోటల మధ్య వంకర టింకర మట్టి గోడలు పోయి, ఒకే ఎత్తున కట్టిన కొత్త గోడలు వచ్చాయి. కోట పక్కన మేకల సంత లేదు. సంత ఎదుట మలబారు ఆయన నడిపిన చాయ్ దుకాణం లేదు. కాలువలో కాలు పెడితే మోకాలి దాకా పాకే చల్లదనం లేదు, ఇప్పుడు పారేది మోటారు నీళ్లు. మొత్తం ఆరు. మనుషులను ఈ ఆరింటితో కూడలేదు. రాళ్లనూ మనుషులనూ ఒకే వరుసలో వేసి కూడకూడదని నాకెవరూ నేర్పలేదు. చెయ్యి ఆగిపోయింది, అంతే.

వెళ్లింది కంపెనీ పని మీద. ఒక ప్రహరీ గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో కొలిచి చెప్పాలి. పని మధ్యాహ్నానికే తెమిలింది. డ్రైవరు భోజనానికి వెళితే, తిరిగి వచ్చేదాకా కాసేపు నీడలో నడుద్దామని తోటల్లోకి దిగాను. దిగిన రెండో మలుపులో పండి రాలిన ఖర్జూరం, తడి మట్టి కలిసిన వాసన ముక్కుకు తగిలింది. అదొక్కటీ పోలేదు. ఆ వాసనతోపాటు నా దోస్తు వచ్చాడు.

అప్పుడు మాకు పందొమ్మిదేళ్లు. పాస్‌పోర్టుల్లో ఇరవై రెండు. మా రెండు ఊళ్ల మధ్య ఒక ఒర్రె, చిన్న వాగు, అడ్డం, అంతే దూరం. అయినా ఇద్దరం మొదటిసారి మాట్లాడుకున్నది మాత్రం షార్జాలో, లేబర్ క్యాంపులో, ఒకే మంచానికి పైనా కిందా పడుకున్నప్పుడు. నేను ఐదో తరగతి దాకా చదివాను. సిమెంటు బస్తాలూ ఇటుకలూ లెక్కపెట్టి పెట్టి మిగిలినది నేర్చుకున్నాను. వాడు బడి మొహం చూడలేదు. వాళ్ల నాయన ఊరి నీరటి. చెరువు తూము తెరవడం, మూయడం, కాలువ వెంట పార భుజాన వేసుకుని తిరిగి ఏ మడికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూడటం ఆయన పని. కోతలయ్యాక రైతులు కల్లం దగ్గరే ఆయన వడ్లు ఆయనకు కొలిచేవారు. రెండేళ్లు వరసగా వానలు పడక చెరువు అడుగు బయటపడింది. తూమే తెరవనప్పుడు నీరటికి వడ్లెవరు కొలుస్తారు? అలా వాడు దుబాయ్ వచ్చాడు. షార్జా అయినా, అబుదాబి అయినా మా వైపు అందరికీ దుబాయే.

క్యాంపులో మాకు వంట చేసే నిజామాబాదు వైపు పెద్దాయనను అందరం మామ అనేవాళ్లం. ఆయన వంటగదిలో ఎప్పుడూ మాడిన ఎల్లిపాయ వాసన. బక్రీదుకు రెండు రోజులు సెలవిచ్చారు. చాలామంది నిద్రపోతామన్నారు. కొందరు దేరాలో నైఫ్ బజారుకు టేప్‌రికార్డర్లు చూడటానికి బయలుదేరారు. నా దోస్తు మాత్రం అల్ ఐన్ పోదామన్నాడు.

"నైఫ్‌ల ఏమున్నదిర? కొనేతందుకు పైసల్లేవు, చూసి చూసి కండ్లు నొస్తున్నయ్," అన్నాడు.

మామ గరిటె పట్టుకుని వంటగది గడపలోకి వచ్చాడు. "అల్ ఐన్ల మీ అత్తగారిల్లున్నదార? రూమ్‌ల సల్లగ పండుకోక, గీ ఎండల ఏడికి?"

"ఆడ చెట్ల కింద నీళ్లు పారుతయంట మామా. లారీ డ్రైవర్ చెప్పిండు."

"నీళ్లు నల్లాల లేవా?"

"నల్లాల నీళ్లు నడ్వయి మామా. నడిచే నీళ్లు జూడక రెండేండ్లాయె."

మామ మళ్లీ పొయ్యి దగ్గరికి పోయాడు. మా దోస్తు ఆయన జాడీలోంచి మామిడికాయ తొక్కు పాలపొడి డబ్బాలోకి ఎత్తుతుంటే మామ గోడవైపు తిరిగి పప్పు కలుపుతూ నిలబడ్డాడు. మేము బయలుదేరేటప్పుడు, "దొంగ తొక్కుకు రొట్టె వద్దార?" అని ఎనిమిది రొట్టెలు పేపర్లో చుట్టి చేతిలో పెట్టాడు.

పండగ రోజు పొద్దున్నే షార్జా రోలాలో టాక్సీ ఎక్కి దేరా చేరాం. అక్కడ ఇంకో టాక్సీలో వెనక సీట్లో నలుగురం ఇరుక్కున్నాం. దారి పొడుగునా ఎర్ర ఇసుక. ఆ ఇసుక ఒక్కసారి ఆగి, నల్లగా కనిపించేంత పచ్చదనం మొదలైంది. దోస్తు కిటికీలోంచి తల బయట పెట్టాడు. మళ్లీ లోపల పెట్టమని డ్రైవరు అరిచేదాకా పెట్టలేదు.

చిన్న ఊరు. రెండు పెద్ద వీధులు, చుట్టూ గుండ్రటి కూడళ్లు, వెనక ఒక గోధుమ రంగు కొండ. ముందు మేకల సంత కనబడింది. పండగ కాబట్టి కిటకిటలాడుతోంది. మా దోస్తు ఊరి అంగడిలో లాగానే ఒక మేక మూతి తెరిచి పళ్లు చూశాడు, వెన్ను నొక్కాడు, తోక ఎత్తాడు. అమ్మే బలూచీ ఆయన నిజంగానే కొంటాడనుకుని ధర చెప్పాడు. వీడు తల అడ్డంగా ఊపాడు. ఆయన తగ్గించాడు. వీడు మళ్లీ ఊపాడు. జనం చుట్టూ చేరారు. నేను వాడి చొక్కా పట్టి లాగాను. ఇద్దరి జేబులు దులిపినా మేక చెవి కూడా రాదు.

"ఇగ చాలుర, ఇచ్చేటట్టున్నడు," అన్నాను తెలుగులో.

వాడు ఎంతో బాధ పడుతున్నట్టు మొహం పెట్టి, "చాచా, దాంత్ ఘిస్ గయా," అన్నాడు. పళ్లు అరిగాయట. ఆయన వీడి నోటి వైపు వేలు చూపి, "తేరా భీ ఘిస్ జాయేగా! యల్లా!" అని కర్ర ఎత్తాడు. జనం నవ్వారు. మేము పరుగు తీశాం. కోట గుమ్మం దాకా వచ్చి అక్కడ పోలీసును చూసి నడక మొదలుపెట్టాం. కోటలోకి వెళ్లలేదు. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరే ఉంటాయి, ఎవరైనా కాగితాలు అడిగితే చూపించడానికి మా దగ్గర తొక్కు డబ్బా తప్ప ఏమీ లేదు.

కోట వెనకాలే తోటలు. మట్టి గోడల మధ్య సన్నటి దారి. రెండడుగులు వేయగానే ఎండ వెనకబడిపోయింది. దోస్తు తలెత్తి చెట్లు చూస్తూ నడిచాడు. గెలలు పసుపుగా, ఎర్రగా వేలాడుతున్నాయి.

"ఇన్ని ఈత చెట్లున్నయ్, ఒక్క లొట్టి గట్టలేదు," అన్నాడు. "కల్లు తెల్వని దేశమేం దేశంర?"

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. గోడ కింద నుంచి చప్పుడు వినబడింది. వాడు చెప్పులు విడిచాడు. మూర వెడల్పు కాలువ, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా నీళ్లు. కూర్చుని చెయ్యి పెట్టాడు. ఆ తడి చెయ్యి కళ్లకు అద్దుకున్నాడు. నేను పక్కకు తిరిగి రొట్టెల పొట్లం విప్పే పని పెట్టుకున్నాను.

తిన్నాక కాలువ వెంట ఎదురు నడిచాం. చెట్లు లేని ఒక చోట ఎండలో కర్ర పాతి ఉంది. దాని పక్కన రాళ్లు వరుసగా. నీడలో చాప మీద ఒక ముసలాయన కూర్చుని, కళ్లు చిట్లించి కర్ర నీడనే చూస్తున్నాడు. చిన్నతనంలో పడవల మీద బొంబాయికి ఖర్జూరం తీసుకుపోయినవాడట, మాకు అర్థమయ్యే హిందీ మాట్లాడాడు. ఆ తోటలన్నిటికీ నీళ్లు పంచేది ఆయనే. నీడ ఒక రాయి నుంచి ఇంకో రాయికి జరిగితే ఒక అథర్, అంటే సుమారు అరగంట. ఒక్కొక్క తోటకు ఇన్ని అథర్‌లని వంతు. కొందరికి పది, కొందరికి ఒకటి, సగం కూడా. వంతును తండ్రి కొడుక్కి ఇస్తాడు, అమ్ముకుంటాడు, కౌలుకిస్తాడు. నేలకూ నీళ్లకూ సంబంధం లేదు. నేల ఉండి నీళ్లు లేనివాళ్లున్నారు.

"మా బాపు గూడ గిదే పని," అని దోస్తు గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు, వచ్చిన హిందీలో. "కానీ కర్ర గిర్ర లేదు బాబా. కండ్లతోనే జూస్తడు. ఏ మడి ఎండుతున్నదో గా మడికి ముందు."

ముసలాయన పళ్లు లేని నోటితో నవ్వాడు. "కళ్లకు చుట్టాలుంటారు, బేటా. నీడకు ఉండరు."

మేమూ నవ్వాం. మంచి మాటే అనుకున్నాం గానీ మాకు తగిలే మాట అనుకోలేదు.

సాయంత్రం దాకా వాళ్లిద్దరూ నీళ్ల గురించే మాట్లాడుకున్నారు. గండి పడితే ఏం కుక్కుతారు, ఎండ్రికాయలు గట్టు తొలిస్తే ఏం చేస్తారు, పారను ఏ వాలున వేయాలి. ముసలాయన కాలువ నోరు మూయడానికి ఖర్జూరపు పీచూ మట్టీ కుక్కుతుంటే, దోస్తు ఆయన చేతిలోంచి తీసుకుని తానే కుక్కాడు. ఒక్క చుక్క కారలేదు. ముసలాయన ఆ మట్టిని రెండుసార్లు తడిమి చూశాడు. తర్వాత అన్నాడు, తన చూపు మందగిస్తోందని, రాయి మీద నీడ ఇప్పుడు చెదిరి కనబడుతోందని. మట్టి తెలిసిన మనిషి దొరికితే మేనల్లుడిని కఫీల్‌గా, వీసాకు పూచీదారుగా పెట్టి తీసుకుంటానని, పండగ దాటాక కంపెనీ ముదీర్‌తో, అంటే మేనేజరుతో మాట్లాడిస్తానని. కొడుకుల్లో ఒక్కడికీ ఈ బురద ఇష్టం లేదట, అందరూ ఆఫీసుల్లో చేరారట.

మలబారు ఆయన చాయ్ దుకాణంలో పరోటా తింటూ దోస్తు నన్ను అడిగాడు. "అయితదంటవార?"

"ఎందుకు గాదు? నీ చెయ్యి జూసిండు గద."

"ఐదో అంతస్తు మీద కాంక్రీటు మోసుడు ఇగ ఖలాస్," అన్నాడు. "ఎనకకు చూస్తె కిందికి పడ్తనేమో అని రోజూ భయమే నాకు. నీకు చెప్పలే. ఇగ చెప్తున్న." పరోటా ముక్క చేతిలోనే ఉండిపోయింది. "బాపుకు గూడ రాయించాలె. నీరటోని కొడుకు నీళ్ల కాడనే ఉన్నడని."

ఆ రాత్రి దుకాణం నేల మీదే పడుకున్నాం. పొద్దున్నే మళ్లీ తోటలో ఉన్నాం. ముసలాయన కొత్త తెల్ల చొక్కా తొడుక్కుని, అత్తరు పూసుకుని ఉన్నాడు. పండగకు పెద్దల ఇళ్లకు వెళ్లి వస్తానన్నాడు. వాడిని కర్ర దగ్గర కూర్చోబెట్టాడు.

"నీడ ఈ రాయిని తాకే దాకా నీళ్లు ఈ తోటవి. భర్త పోయినావిడది. రెండు వారాలకోసారి ఒక్క అథర్, అంతే ఆమె వంతు. తాకగానే ఇది మూసి అది తెరువు."

వాడు మునికాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లు నీడ మీద. అయితే ఆ కూర్చున్న చోటికి ఎదురుగా, కాలువ కొసన, ఇంకో చిన్న తోట ఉంది. నడుమెత్తు పిల్ల చెట్లు. ఆకులు కొసల నుంచి గోధుమ రంగుకు తిరిగాయి, నేల బీటలు వారింది. కాసేపటికి వాడి కళ్లు నీడ మీద నుంచి అటు పోయాయి. మళ్లీ వచ్చాయి. మళ్లీ పోయాయి.

"గామె చెట్లు పచ్చగనే ఉన్నయ్ గద," అన్నాడు.

"ఉంటే?"

"గవి సస్తున్నయ్‌ర."

"మనకెందుకుర? మూయమన్నప్పుడు మూయి, తెరవమన్నప్పుడు తెరువు."

"కొసకు తడి పోకుంటె మా బాపు బువ్వ ముట్టకపోతుండె," అన్నాడు. నాతో అన్నట్టు లేదు. లేచి, కొస తోటకు పోయే కాలువ నోట్లో కుక్కిన పీచును కాలితో పక్కకు తోశాడు. నీళ్లు ఒక్క క్షణం ఆగి, బీటల్లోకి బుసబుసమంటూ దిగాయి. ఎండిన మట్టి తడిసిన వాసన లేచింది. వాడి మొహం వెలిగిపోయింది. దొంగతనం చేస్తున్నవాడి మొహం కాదది. ముసలాయన వచ్చి చూస్తే భుజం తడతాడనే ఉంది వాడికి. మా వైపు ఏ నీరటి అయినా అదే చేస్తాడు. దానికే ఆయనకు వడ్లు కొలుస్తారు.

ముసలాయన వచ్చాడు. ముందు నీడ చూశాడు. తర్వాత నీళ్లు చూశాడు. ఆ వయసులో అంత వేగంగా వంగి రెండు చేతులతో మట్టి తోడి గండి మూశాడు. కొత్త చొక్కా మోచేతుల దాకా బురద.

"ఏ పానీ కిస్కా హై?" అన్నాడు. ఈ నీళ్లు ఎవరివి అని.

"చచ్చిపోతున్నయ్ బాబా చెట్లు..."

"కిస్కా హై?"

దోస్తు తల దించుకున్నాడు. ఎండిన తోట యజమాని తన వంతు అమ్ముకుని, ఆ డబ్బుతో పట్నంలో ఇల్లు కట్టుకున్నాడట. ముసలాయన అది చెబితే దోస్తు తల ఎత్తకుండానే అన్నాడు, "అమ్ముకున్నోడు మనిషి. చెట్లు ఏం జేసినయ్?"

"చెట్లకు దాహం ఉంది, నిజమే," అన్నాడు ముసలాయన. కోపం లేదు గొంతులో. అందుకే భయం వేసింది నాకు. "దాహం ఉన్నవాళ్లకల్లా ఇస్తే వంతు ఉన్నవాళ్లకు ఏమివ్వను? బేటా, నీ చెయ్యి మంచిది. మనసు ఇంకా మంచిది. అందుకే నీకు నీళ్లు అప్పగించలేను."

ఆ మాట వాడికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కూలబడి ముసలాయన పాదాలు పట్టుకున్నాడు. ఆయన వెనక్కి జరిగి వాడిని లేపాడు.

"మాఫ్ చెయ్యి బాబా. ఇంకోసారి జేస్తె చెయ్యి నరుకు."

"నీళ్లు నావైతే ఇప్పుడే మాఫ్ చేసేవాణ్ని. ఆమెవి. ఆమె పండగకు కూతురింటికి బురైమీ వెళ్లింది."

"డబ్బులు కడతాం," అన్నాను నేను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నీళ్లకు నీళ్లే."

ముసలాయన మళ్లీ చాప మీద కూర్చున్నాడు. అప్పుడు దోస్తు మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు. "నువ్వు లెక్కలు తెలిసినోనివి. పోయిన నీళ్లు ఎన్ని డబ్బాలైతయో చెప్పు."

నీడ రాళ్ల మధ్య దూరంలో సగం జరిగింది. అంటే పావుగంట. కాలువ ధార కింద నూనె డబ్బా పెడితే ఎంతలో నిండుతుందో చూపించమని ముసలాయనను అడిగాను. డబ్బా నింపి మళ్లీ అదే తోటలో పోయించాడు. రెండు సెకన్లు. పావుగంటకు నాలుగు వందల యాభై డబ్బాలు. చెప్పగానే వాడు లేచాడు.

సందు మొగలో మున్సిపాలిటీ నల్లా ఉంది. ఆ నీళ్లకు వంతు లేదు, పోయొచ్చు అన్నాడు ముసలాయన. చాయ్ దుకాణంలో నాలుగు ఖాళీ నూనె డబ్బాలు అడిగి తెచ్చాం. తలా రెండు. నల్లా దగ్గర నింపడం, సందు దాటడం, ఆమె చెట్ల పాదుల్లో పోయడం. మధ్యాహ్నం టాక్సీ అందుకోకపోతే మర్నాడు పనికి అందం. గైర్హాజరు పడితే, పారిపోయారని కంపెనీ రాస్తుంది. డబ్బాలు మోస్తున్నంతసేపూ దోస్తు ఒక్కసారి కూడా కొసన ఉన్న తోట వైపు చూడలేదు. ముసలాయన మేము తిరిగి వచ్చినప్పుడల్లా చాప పక్కన ఒక రాయి పెట్టాడు. ఇరవై రెండు రాళ్లయ్యాయి.

"ఎనభై ఎనిమిది," అన్నాను.

"ఒలికింది తీసెయ్," అన్నాడు దోస్తు.

ఎనిమిది తీసేశాను. ఎనభై చేరాయి. వాడు మిగిలిందెంతో అడిగాడు, చెప్పాను. ముసలాయనకు తనే చెప్పాడు, వేళ్లు విప్పి, తప్పు లేకుండా. వచ్చే పండగకు వచ్చి పోస్తానన్నాడు. ఆమెకు చెబుతానని ముసలాయన మాటిచ్చాడు. పొట్లం కట్టిన ఖర్జూరాలు వాడి జేబులో కుక్కి, భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు.

టాక్సీలో దోస్తు ఒక్క మాటే అన్నాడు. "నేను లేంది నువ్వు ఆ నీళ్లు పోయొద్దు. తప్పు నాది. డబ్బా నేనే మొయ్యాలె." నేను ఒట్టు వేశాను. క్యాంపులో మామ వాడి అరచేతులు తిప్పి చూసి, "సెలవుల గూడ బరువులు మోసి వచ్చినవార, పిచ్చోడా," అని పొక్కుల మీద నెయ్యి రాశాడు. ఏం జరిగిందని అడగలేదు. ఆ రాత్రి అన్నంలో మాత్రం వాడికి తొక్కు ఎక్కువ వేశాడు.

వచ్చే పండగ మాకు రాలేదు. దానికి ముందే కంపెనీ పని ముగిసి సగం మందిని ఇంటికి పంపారు. వాడి పేరు ఆ సగంలో ఉంది. వెళ్లేటప్పుడు మళ్లీ వీసా తీసుకుని వస్తానన్నాడు. నేను ఉండిపోయాను, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారాను.

కొన్నేళ్ల తర్వాత రోలాలో వాళ్ల ఊరి మనిషి ఎదురయ్యాడు. వాడు ఎలా ఉన్నాడని అడిగాను.

"నీకెర్కలేదా అన్నా? పోయిండు."

ఊళ్లో అప్పటికి అందరూ బోర్లు వేసుకున్నారట. తూము తెరిచే పని లేదు. వాడు ఇంటిముందర కూర్చునేవాడట. ఒక తెల్లారుజామున కరెంటు వచ్చింది. పక్క పొలం రైతు ఊళ్లో లేడు, నారు ఎండుతోంది. వీడు వెళ్లి మోటారు స్టార్టరు నొక్కాడు. పెట్టె తడిసి ఉంది.

"మోటరు ఎవలది?" అని అడిగాను.

"వానిది గాదు అన్నా. వానికేడిది మోటరు? ఎవలు జెప్పలేదు గూడ. నారు సస్తదని పోయిండు."

మొన్న ఆ తోటలో ఆమె చెట్లు ఏవో పోల్చుకోలేకపోయాను. గోడలు మారాయి. కొసన పిల్ల చెట్లు ఉండిన చోట ఇప్పుడు ఆకాశాన్ని అంటుతాయా అన్నట్టు పెద్ద చెట్లు ఉన్నాయి. అవే అవునో కాదో నాకు తెలియదు. అవేనేమో అనుకోవడానికి మనసు పీకింది, ఆపుకున్నాను. తెలియని దాన్ని లెక్కలో వేయకూడదు. కాలువ నిండా మోటారు నీళ్లు పగలూ రాత్రీ పారుతున్నాయి. ఒక ప్లాస్టిక్ సీసా తేలుతూ పోయింది. ఎవరి నీళ్లని అడిగేవాళ్లు లేరు. నా చేతిలో తాగే నీళ్ల సీసా ఉంది. మూత తీశాను. వాడికి వేసిన ఒట్టు గుర్తొచ్చి మళ్లీ బిగించాను.

ముసలాయన లేడు. ఆమె మాఫ్ చేసిందో లేదో ఎవరూ నాకు చెప్పలేదు. మొయ్యాల్సినవాడు లేడు. డ్రైవరు దూరం నుంచి హారను కొడుతున్నాడు. మిగిలినవి మూడు వందల డెబ్బై డబ్బాలు.